తిండి టైముకు రమ్మన్నాను

మాఘమాసం, గురువారం. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లు: రైలు కంపెనీ మేనేజరు, పూలదండలతో ఇద్దరు అమ్మాయిలు, స్వాగతం ఏర్పాట్లు చూసే నేను. రానివాళ్లు: చోరనూరు ఈరన్న, అతని డోలు బృందం. డైరీలో ఆనాడు ఇంతవరకే రాశాను. రాయనిది ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీకు చెబుతాను.

హంపి చూడవచ్చే విదేశీయుల కోసం నడిపిన ఖరీదైన రైలు అది. పెట్టెల్లో మెత్తటి పరుపులు, స్నానానికి వేడినీళ్లు. కొన్ని చలికాలాలు తిరిగి, ఎక్కేవాళ్లు లేక ఆగిపోయింది. ఇప్పుడు ఆ పట్టాల మీద దోణిమలై గనుల ఇనుప ఖనిజం బండ్లు పోతుంటాయి.

దిగినవాళ్లు ముందుగా వినేది ఈరన్న డోలే. ఊరి జాతరలో గుడి బయటే నిలబడి వాయించే మనిషి, ఇక్కడ ఎర్ర తివాచీ మీద నిలబడేవాడు. దాని మీదికి వచ్చే ముందు కాళ్లు కడుక్కునేవాడు.

ఎప్పుడూ మధ్యాహ్నం వచ్చే రైలు ఆ వారం పొద్దున్నే వస్తుందన్నారు. ఈరన్నను తిండి టైముకు రమ్మన్నాను. వేళ మారిందని వేరే చెప్పలేదు. నేనన్నది కన్నడ మాట తిండి, అంటే పొద్దుటి పలహారం. ఆఫీసులో ఆ మాటే వాడి వాడి, తెలుగులో మాట్లాడుతున్నానన్న సంగతే మరిచాను. అతను విన్నది తెలుగు తిండి. మధ్యాహ్నపు సంగటి.

డోలు చప్పుడు లేకుండానే రైలు ఖాళీ అయింది. డోలువాళ్లేరని మేనేజరు అడిగాడు. పొరపాటు నాదని అని ఉండవచ్చు. ఏమయ్యేది? నాలుగు మాటలు పడేవాణ్ణి, అంతే కదా? తాగి పడుకుని ఉంటారన్నాను. ఈరన్న తాగడని తెలిసే అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చింది? వాళ్ల గురించి అలా చెబితే ఎవరూ మరో మాట అడగరని నాకు తెలుసు కాబట్టి.

మధ్యాహ్నం వాళ్లు డోళ్లతో వచ్చేసరికి తివాచీ చుట్టేశారు. ఇక రావద్దన్న మాట మేనేజరు నాతోనే చెప్పించాడు. తర్వాతి రైలు నుంచి స్పీకరులోనే డోలు మోగింది.

"తిండికి రమ్మని నువ్వే చెప్తివి కదప్పా," అన్నాడు ఈరన్న.

"పొద్దున అనే చెప్పినా. నువ్వే సరిగ్గా యినలా."

మరునాడు పొద్దున స్టేషన్ బయట ఇడ్లీ తింటున్నాను. ఊరి బస్సు దొరక్క రాత్రి అక్కడే పడుకున్న ఈరన్న లేచి వచ్చి నా ఆకు వైపు చూశాడు. కొంచెం నవ్వాడు కూడా.

"ఏంది తింటాండావప్పా? తిండా, టిఫినా?"

ఆకు మడిచేశాను. లేచి వెళ్లిపోయాను. ఆ జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

తిండి, ఈరన్నా. నేను నిన్ను రమ్మన్న తిండి అదే.