వదిన కళ్ళది తప్పు కాదు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రాస్తే నా బండారం నేనే బయట పెట్టుకోవాలి. ఈ వయసులో ఆ సరదా ఎందుకు?

పోయిన మంగళవారం పొద్దున పక్కింటి అన్నయ్య ఫోన్ చేసి, "మీ వదిన వెళ్ళిపోయింది తమ్ముడూ," అన్నాడు. నేను వెళ్ళేసరికి వాకిట్లో ఇద్దరు ఆడవాళ్ళు మెల్లగా మాట్లాడుకుంటున్నారు.

"మంచి మనిషి. పాపం, కండ్లే ముందుగాల మోసం జేసినయ్."

"అవునే, ఆఖర్ల చీర రంగు సుత తెల్వకపోయె."

అది విన్నాక రాయక తప్పలేదు. వదిన కళ్ళకు ఏ లోపమూ లేదు. ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు. ఇప్పుడు ఇద్దరం మిగిలాం.

అన్నయ్య, వదిన అంటున్నానే గాని మాకు చుట్టరికం లేదు. అన్నయ్య ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి వచ్చి, మారేడ్‌పల్లిలో మా పక్క వాటాలో దిగారు. వదిన ఇంట్లోనే చీరలు అమ్మేది. నాకు తెలిసిన ఆకుపచ్చ ఒకటే. వదినకు చిలకపచ్చ వేరు, మామిడాకు రంగు వేరు, నాచు రంగు వేరు, పెసర రంగు వేరు. ఎవరైనా గులాబీ రంగు కావాలంటే, "ఏ గులాబీ? పూసిందా, వాడిందా?" అని అడిగేది. వీధిలో రెండు రంగుల మీద తగువొస్తే తీర్పు వదినదే.

దీపాలు పెట్టే వేళకు చీరలు మూట కట్టేసేది. ఒకసారి ఒక పెళ్ళికూతురి తల్లి గుమ్మంలో నిలబడి బతిమాలినా మూట విప్పలేదు. రేపు పొద్దున్నే రమ్మంది. "చీర అబద్ధమాడదు మరిదీ, దీపం ఆడుతుంది," అనేది నాతో.

ఇక నా సంగతి. నేను తొమ్మిదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. రేడియోలు విప్పి నేర్చుకున్నాను. రేడియోలు పోయాక టీవీలు విప్పాను. ఊరంతా సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్ అని కలవరిస్తున్న రోజుల్లో బోయిగూడలో చిన్న గది తీసుకుని, కంప్యూటర్లు బిగించి అమ్మడం మొదలుపెట్టాను. రేడియోకీ కంప్యూటర్‌కీ పెద్ద తేడా ఏమీ లేదు. రెండూ నెత్తిన ఒకటిస్తే కాసేపు పనిచేస్తాయి. రేడియో మాత్రం కొట్టిన చేతిని గుర్తుపట్టేది. ఎక్కడికో పోతున్నాను.

వదిన దగ్గర కొనే వాళ్ళు బదిలీల మీద ఊళ్ళు మారి, చీరల ఫొటోలు ఈమెయిల్‌లో పంపమని అడగసాగారు. అందుకని ఇంట్లోకి కంప్యూటర్ కావాలంది. అన్నయ్యకు వేరే కారణం ఉంది. ఆఫీసు నుంచి నేరుగా నా దుకాణానికొచ్చి కార్ల పందెం ఆట ఆడేవాడు. పక్క కంప్యూటర్ మీద పోటీకి నేను. ఇద్దరికీ తల నెరిసింది, సిగ్గు మాత్రం రాలేదు.

మానిటర్ కోసం ముగ్గురం కంప్యూటర్ సామాన్లు దొరికే పార్క్ లేన్‌కు వెళ్ళాం. చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఆటగాళ్ళు మెచ్చేది. కారు ఎంత వేగంగా పోయినా బొమ్మ చెదరదు. రెండోది బొమ్మల పని చేసేవాళ్ళది. ఏ పక్కనుంచి చూసినా రంగు మారదు గాని, కారు పరిగెత్తితే వెనకాల తోకలాగా మరక సాగుతుంది.

వదిన సంచిలోంచి రవిక ముక్కలు తీసింది. తన కెమెరాలోని చీర ఫొటో మొదటి స్క్రీన్ మీద పెట్టించి, అదే రంగు ముక్క పక్కన పట్టుకుంది. ఎడమకు నడిచింది. కుడికి నడిచింది. వంగింది. ఆమెది ఏదో కిందపడిందనుకుని దుకాణం మనిషి కూడా వంగి వెతికాడు.

"ఏటి మరిదీ, ఇది డబల్ షేడ్‌లాగుంది. వంగితే ఒక రంగు, లేస్తే ఒక రంగు. చీరకైతే గొప్పే. దీనికేటి గొప్ప?"

"ఎవలన్న వంగి చూస్తరా వదినా? ఎదురుంగ కూసొని చూస్తరు గాని."

"నా కారుకి తోక మొలిస్తే నేనెలాగ ఆడేది?" అన్నాడు అన్నయ్య.

"మీ కారు తోకకి నా చీరలు బలా?"

"పరేషాన్ గాకు వదినా," అన్నాను. "రంగుకు నాది జిమ్మేదారి."

ఆమె కాసేపు రెండో స్క్రీన్ వైపు చూసింది. తరవాత రవిక ముక్కలు మడిచి సంచిలో పెట్టుకుంది. "నువ్వన్నావు కాబట్టి," అంది.

రెండు నెలలు తిరక్కుండానే విజయనగరంలో వాళ్ళ దూరపు చుట్టాలింట పెళ్ళి కుదిరింది. వదిన పంపిన ఫొటోల్లో వంగపువ్వు రంగు పట్టుచీర చూసి పెళ్ళికూతురు ముచ్చటపడింది. పార్సిల్ విప్పితే ముదురు నేరేడు రంగు. ఇంట్లో లైటు కింద నలుపే. ఫోన్లో పెళ్ళికూతురి మేనత్త గొంతు మా వాటాలోకి కూడా వినిపించింది.

"శుభమా అని పెళ్ళి సేసుకుంటుంటే నల్లసీర పంపుతావేటే?"

నేను పరుగున వెళ్ళాను. కుర్చీ నిండా చీరలుంటే నేల మీద చాప చివర కూర్చున్నాను. అక్కణ్ణుంచి తలెత్తి స్క్రీన్ చూశాను. అంతా చీకటి. లేచి నిలబడ్డాను. వెలవెలబోయింది. అప్పుడు అర్థమైంది. అన్నయ్య కుర్చీలో కూర్చుని ఆడతాడు. వదిన ఎప్పుడూ చీరల మధ్య చాప మీద కూర్చుని పనిచేస్తుంది, మౌస్ పీట మీద పెట్టుకుని. కింద నుంచి నేరేడు రంగు నల్లగా కనిపిస్తే, తన చీర రంగు వచ్చేదాకా ఫొటోకు వెలుగు పెంచింది. అదే పెళ్ళివారి స్క్రీన్ మీద వంగపువ్వు రంగైంది. పెంచడం నేర్పింది నేనే. ఆమె ఎక్కడ కూర్చుని చూస్తుందో మాత్రం అడగలేదు.

"తప్పు నాది వదినా. అందరికి నేనే చెప్త."

"ఏటి చెప్తావు? దుకాణం పెట్టి ఆర్నెల్లు అవలేదు. ఈ వీధిలో ఎంతమంది నీకు కంప్యూటర్ బిగించమని చెప్పారో నాకు తెలీదా? ఇది తెలిస్తే ఒక్కరొస్తారా?" అని చీరలు సర్దుతూ అంది, "నా కళ్ళకి వయసొచ్చిందంటాను. ఎవరూ తప్పనరు."

అప్పుడు నా నోరు పెగల్లేదు. నిజానికి నేను పెగల్చలేదు.

మర్నాడే నాలుగు చీరలు తీసుకుని రైలెక్కింది. పెళ్ళికూతురికి పగటి వెలుతురులో చూపించి నచ్చింది ఇచ్చి వచ్చింది. వస్తూనే కళ్ళద్దాలు పెట్టుకుంది. ఒకసారి ఆమె చూడకుండా అవి నేను పెట్టుకున్నాను. గోడ మీద కాకి కాకిలాగే కనిపించింది. ఉత్త అద్దాలు.

స్క్రీన్ మార్చి రెండోది తెచ్చి పెట్టాను. "నా కారు తోకతో కోతి అయిపోయింది," అని అన్నయ్య నవ్వాడు. కానీ వదిన చేతిలో చీర పెట్టి రంగు అడిగిన వాళ్ళే, ఆ తరవాత చీర వాకిట్లోకి తీసుకెళ్ళి సొంతంగా చూసుకునేవారు. "జెర మా పిల్లతోని అడిగి తీస్కుంట, ఏమనుకోకు," అనేవారు మొహం మీదే. "అడగండమ్మా, చిన్న కళ్ళు మంచివి," అనేది వదిన. నేను ఎన్నోసార్లు అక్కడే ఉన్నాను, ఆమె పెట్టిన చేగోడీలు నములుతూ. ప్రతి దసరాకూ అడిగేది, "దుకాణం ఎలాగుంది మరిదీ?" బాగుందనేవాణ్ణి. నిజంగానే బాగుండేది. "మరేటి, అదే కావాలి," అనేది.

ఇంతవరకు రాసి, నిన్న మధ్యాహ్నం అన్నయ్యకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"పార్క్ లేన్‌లో నా మాట తేలిగ్గా రాసేసావు తమ్ముడూ."

"ఎట్ల రాయమంటవ్?"

"ఉన్నదున్నట్టు రాయి. ఆవిడ రెండోదే కావాలంది. నా ఆట కోసం నేను పడనివ్వలేదు."

అక్కడే కూర్చుని రాశాను. వదిన రెండోదే కావాలంది. మా ఆట కోసం మేమిద్దరం పడనివ్వలేదు.

అన్నయ్య లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు. పంచదార వెయ్యలేదు. ఇద్దరం తాగాం.