బాపమ్మ చూడొచ్చన్న సినిమా

బంద్ అంటే చిన్నప్పుడు మాకు సినిమా... దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టర్లు దిగి, బడులు మూతపడితే అంతకన్నా ఏం కావాలి? తెలంగాణ ఉద్యమం సంగతులు పెద్దవాళ్లు చూసుకునేవాళ్లు. పై పోర్షన్‌లో కిరాయికుండే స్వప్న వాళ్లది గుంటూరు. వాళ్లమ్మ రమ ఆంటీ ముందురోజే సీడీ తెచ్చిపెట్టేది. గల్లీ పిల్లలందరం మా ముందు గదిలో చేరేవాళ్లం.

అయితే మాకంటే ముందు మా బాపమ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, చూడాలి. అమ్మలకు తీరిక లేక ఆ పని ఆమెకు అప్పజెప్పారు. నల్లగొండ పల్లె నుంచి నాన్న వెంట వచ్చిన మనిషి, చదువు రాదు... తీర్పు మాత్రం గట్టిది. కత్తులుంటే వద్దు, దయ్యాలుంటే వద్దు, హీరో హీరోయిన్ వానలో తడిస్తే అసలే వద్దు.

నేను మూడో తరగతిలో ఉండగా ఒక బంద్‌కు ఏదో పిచ్చి కామెడీ వచ్చింది. బాపమ్మ పొద్దున్నే ఒక్కతే కూర్చుని మొత్తం చూసింది.

"సూడనియ్యుండ్రి. అంతా నవ్వుడే ఉన్నది" అని తేల్చింది.

నిజంగానే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అందులో ఒక పనిమనిషి ఉంది. నోరు తెరిస్తే చాలు నవ్వు... ఏందయ్యా అంటుంది, గట్లెట్ల అంటుంది, నెత్తిన గరిటె దెబ్బ తింటుంది. అచ్చం మా బాపమ్మ మాటే.

సినిమా అయ్యేసరికి బాపమ్మ సర్వపిండి తెచ్చింది. "జర వేడి మీదనే తినుండ్రి బిడ్డా" అంది.

నేనే లేచాను. నడుం మీద చెయ్యి పెట్టి, కళ్లు తిప్పుతూ, ఆ పనిమనిషిలాగా బాపమ్మ అన్న మాటే తిరిగి అన్నాను. గది గదంతా గొల్లుమంది. బాపమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకెంత గర్వమో!

ఆ తర్వాత పిల్లలొస్తే ప్లేటు గడప దగ్గరే పెట్టి వెళ్లిపోయేది. లోపలికి ఎందుకు రావని ఒకసారి అడిగాను.

"నీ దోస్తులొచ్చినప్పుడు నన్ను పిలువకు బిడ్డా. నాకు మంచిగ మాట్లాడరాదు."

నిజం చెప్పాలి... ఆ రోజు నాకు బాధ వెయ్యలేదు. హమ్మయ్య అనిపించింది. బయట చౌరస్తాలో మన మాట, మన యాస అని మైకులు మోగిపోతున్నాయి. ఇంట్లో బాపమ్మ మాట సన్నబడిపోయింది. రమ ఆంటీ పలకరించినా తల ఊపి ఊరుకునేది. రాష్ట్రం వచ్చేనాటికి ఆమె లేదు.

మొన్న ఎల్బీనగర్‌లో మా ఇంట్లో, ఏడేళ్ల నా కూతురు ఫోన్లో అదే సినిమా పట్టుకొచ్చి, చూడొచ్చా అమ్మా అని అడిగింది. ముందు నేను చూస్తానన్నాను. ఒక్కదాన్నే కూర్చున్నాను... అప్పుడు తట్టింది. ఆ పొద్దున బాపమ్మ కూడా ఇలాగే ఒక్కతే కూర్చుని ఆ గరిటె దెబ్బలన్నీ చూసింది. ఆ నవ్వు ఎవరి మీదో ఆమెకు తెలియకుండా ఉంటుందా? అయినా చూడనివ్వమంది... పిల్లలం నవ్వుకుంటామని.

పాపకు ఇంకా జవాబు చెప్పలేదు. ఆ రోజు నుంచి బాపమ్మ గొంతు గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. జర వేడి మీదనే... అని తలుచుకోగానే నా వెక్కిరింపే వినిపిస్తోంది. ఆమె గొంతు రావడం లేదు.

మీ బాపమ్మలు, అమ్మమ్మలు మిమ్మల్ని అన్నానికి ఎలా పిలిచేవాళ్లో ఒక్క మాట కింద రాయండి... అన్నీ పైకి చదువుకుంటాను. ఏదో ఒకదాంట్లో ఆమె పలుకుతుందేమో.