కొండ నెత్తిన నేను పారించిన ఏరు

ఏరు కొండల్లో పుడుతుందని మీరు వినే ఉంటారు. కొండ నడినెత్తిన ఈ చివర నుంచి ఆ చివర దాకా, కిందికి దిగే ఆలోచనే లేకుండా పారిన ఏరు గురించి ఎక్కడైనా విన్నారా? విని ఉండరు. అలాంటిది ఈ భూమ్మీద ఒక్కటే ఉండేది, దాన్ని పారించింది నేను. చుక్క నీళ్లు లేని ఆ ఏట్లో ఒక బస్తీ మొత్తం కొత్త ఇళ్లూ, ఒక ముసలావిడకు నా మీదున్న నమ్మకమూ మునిగిపోబోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీద అంటారా? ముందు నా మీద, ఆ తర్వాత సూర్యుడి మీద.

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన కొత్తలో నేను డర్బన్‌లో ఉద్యోగానికి దిగాను. హైదరాబాదులో ఉపగ్రహ చిత్రాలు చదవడం నేర్చుకున్నవాణ్ణి. ఎక్కడ చెరకు ఉంది, ఎక్కడ అడవి తగ్గింది, ఏ ఏరు ఎటు జరిగింది, ఇవన్నీ కుర్చీలోంచి లేవకుండా చెప్పగలనని నా నమ్మకం. ఆ నమ్మకం ముందు ఉపగ్రహం కూడా కాస్త కిందనే తిరిగేది.

ఇక్కడ మా వృత్తిలోని కిటుకు ఒకటి చెప్పాలి. మన దేశంలో పొద్దున తీసిన చిత్రాల్లో ఎండ చాలావరకు దక్షిణం నుంచి, అంటే బొమ్మకు కిందివైపు నుంచి పడుతుంది. మన కన్నేమో వెలుతురు పైనుంచి పడుతుందనే అనుకుంటుంది. అందువల్ల కొండలు లోయల్లాగా, లోయలు కొండల్లాగా కనిపించి మోసం చేస్తాయి. దీనికి మందు ఏమిటంటే, చిత్రాన్ని తలకిందులు చేసి చూడటం. అంతే, కొండలు కొండలైపోతాయి. కొన్నేళ్లు అదే పని చేసిన నాకు చిత్రం చేతికి రాగానే తిప్పేయడం చెప్పులు విప్పి ఇంట్లోకి వెళ్లినంత అలవాటైపోయింది.

డర్బన్‌లో నా చేతికి వచ్చిన మొదటి చిత్రాన్నీ అలాగే తిప్పేశాను.

మీకు అప్పుడే అర్థమైపోయిందా? అయితే మీరు అప్పటి నాకంటే తెలివైనవారు. దయచేసి నవ్వకండి, ఇంకా చాలా ఉంది.

డర్బన్ శివార్లలో అవోకా దాటాక ఉన్న కొంత నేలలో ఇళ్లు కట్టవచ్చో లేదో, వరద భయం ఉందో లేదో చెప్పమని మా ఆఫీసుకు పని వచ్చింది. మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో చక్కెర మిల్లు వాళ్ల పాత బారకాసుల్లో, అంటే కూలీల వరస ఇళ్లలో, ఉంటున్న కుటుంబాలకు అక్కడ స్థలాలు ఇవ్వాలని కౌన్సిల్ అనుకుంటోంది. తలకిందులు చేసిన నా చిత్రంలో ఆ నేల మధ్యన తెల్లటి వంకర గీత ఒకటి ఉంది. దానికి రెండు పక్కలా వరసగా చెట్లు. తెలుగువాడు ఎవడైనా దాన్ని ఏమనుకుంటాడు? వాగు! నీళ్లుండవు, ఇసుక ఉంటుంది, గట్టున చెట్లుంటాయి. మన వాగులు ఏడాదిలో ఎక్కువ కాలం అలాగే కదా ఉండేది!

మా పై అధికారిణి హెలెన్ నా గీతలు చూసి అడిగింది.

"వెళ్లి చూశావా?"

"అవసరం లేదు. చాలా స్పష్టంగా ఉంది."

"పోనీ పక్క గదిలో పాత సర్వే మ్యాపులున్నాయి. వాటితో సరిచూశావా?"

దీనికి నేను చెప్పిన జవాబు విని నన్ను ఆ రోజే విమానం ఎక్కించి పంపాల్సింది. "మేడం, అవి పాత ప్రభుత్వం గీసిన మ్యాపులు. నల్లవాళ్లు ఉండే ఊళ్లనే చూపించని మ్యాపులు. కొత్త దేశానికి పాత మ్యాపులా?" అన్నాను, ఉపన్యాసం ధోరణిలో. పాపం, ఆవిడ సిగ్గుపడి సంతకం పెట్టేసింది. ఆ మ్యాపులు మనుషుల్ని దాచి ఉండొచ్చు గాని, కొండల్ని దాచలేదని నాకెవరు చెప్పాలి?

ఇక రెండో కథ. నాకు ఆ ఊళ్లో ఒక అవ్వ ఉండేది. సొంత అవ్వ కాదు. వచ్చిన కొత్తలో గ్రే స్ట్రీట్ మసాలా దుకాణంలో మిరపపొడి కోసం నిలబడితే, వెనక నుంచి "ఒరే నాయనా, పక్కకి జరుగు, సెట్టులా నిలబడిపోయావేటి!" అని వినిపించింది. తెలుగు! కళ్లనీళ్ల పర్యంతమై వెనక్కి తిరిగాను. నరసమ్మ అవ్వ. వాళ్ల తాతలు చెరకు నరకడానికి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఆవిడ తెలుగులో సగం ఇంగ్లీషు, కాస్త జూలూ కలిసిపోయాయి. తిట్లు మాత్రం కల్తీ లేకుండా మిగిలాయి. ఆ రోజు నుంచి నా ఆదివారం భోజనం బారకాసులో ఆవిడ ఇంట్లోనే. ఆవిడ కొడుకు పేరు సన్యాసి. అందరూ సన్నీ అంటారు. ఇంటినిండా పిల్లలున్న సన్యాసి.

ఒక ఆదివారం అవ్వ చేపల పులుసు వడ్డిస్తూ మండిపడుతోంది.

"గవర్మెంటు మాకు ఇల్లు ఇస్తానంది బాబూ. నా సొంత తలుపు, నా సొంత గొళ్లెం. ఇప్పుడు ఆపేసింది. ఎవడో ఎదవ రిపోర్టు రాసినాడంట, ఆ సోటు పనికిరాదని."

"ఎంత అన్యాయం!" అన్నాను, ముక్క నోట్లో పెట్టుకుంటూ.

"ఇళ్లకి పనికిరాదు గాని, గోల్ఫు ఆటకి బాగుంటాదని ఎవడో కంపెనీ వోడు కాసుకుని కూసున్నాడు. ఇక్కడ బారకాసు కూల్చేస్తారంట. మేం ఎక్కడికి పోవాలి?"

"అలాంటి రిపోర్టు రాసినవాణ్ణి ఊరికే వదలకూడదు అవ్వా!"

"వాడి సేతులిరగ!"

"విరగాల్సిందే!" అన్నాను మనస్ఫూర్తిగా. "ఇంతకీ ఎక్కడ ఆ స్థలం?"

"అవోకా కాడ, బ్రదర్," అన్నాడు సన్నీ. "అక్కడ రివర్ ఉందని రాశాడు, ఆ ఫెలో."

గొంతులో ముల్లు గుచ్చుకుంది. చేపది కాదు. కాస్త బుద్ధి ఉన్నవాడైతే ఇక్కడ మంచినీళ్లు తాగి, కడుపునొప్పని చెప్పి, ఇంటికి వెళ్లిపోతాడు. నేనేం చేశానో చూడండి. చెయ్యి కడుక్కుని, గొంతు సవరించుకుని, పెద్దమనిషి తరహాలో చెప్పాను.

"అవ్వా, ఆ రిపోర్టు నాదే. మిమ్మల్ని వరద నుంచి కాపాడాను."

అవ్వ చేతిలో గరిటె గాలిలో ఆగిపోయింది. పులుసు చుక్కలు నా చొక్కా మీద పడ్డాయి.

"నువ్వా?"

"నేనే. మీరు కృతజ్ఞతలు చెప్పక్కర్లేదు."

"నా ఇంట్లో తిని నా ఇల్లు ముంచినావా? ఒరే, అది మెరకరా! ఎత్తు! మా మేనత్త అక్కడ మేకలు మేపింది. అక్కడ నీల్లు ఎక్కడివి?"

"మీకు అలా అనిపిస్తుంది అవ్వా. ఉపగ్రహం ఎంతో ఎత్తు నుంచి చూస్తుంది."

"అంత ఎత్తు నుంచి సూస్తే అంతా పల్లమే అవుద్ది కదరా!"

చదువు లేనివాళ్లతో వాదించకూడదన్న ముఖం పెట్టాను. ఆ ముఖం గుర్తొచ్చినప్పుడల్లా వెళ్లి దాన్ని రెండు తగిలించాలనిపిస్తుంది. నా ముఖమే అయిపోయింది, ఏం చేస్తాం!

"ఆయికోనా!" అంది అవ్వ. ఆ దేశంలో 'కుదరదంటే కుదరదు' అనడానికి అంతకంటే గట్టి మాట లేదు. "వచ్చి సూపించు నీ ఏరు. కౌన్సిలరమ్మని కూడా పిలుస్తాను. ఏరుంటే నేనే దూకేస్తాను. లేదా నిన్ను తోసేస్తాను."

"రేపే రండి!" అన్నాను నేను, కోపంగా. అవును, కోపం నాకే! శాస్త్రాన్ని అనుమానిస్తారా?

మర్నాడు మధ్యాహ్నానికి సన్నీ తన బక్కీలో, అంటే వెనక సామాను వేసుకునే చిన్న బండిలో, మమ్మల్ని ఎక్కించుకున్నాడు. ముందు సీట్లో అవ్వ, కౌన్సిలర్ తెంబి. తెంబి జూలూ జాతి టీచరమ్మ, ఎన్నికల్లో కొత్తగా గెలిచింది, ఎవరు ఏం చెప్పినా ఓపికగా వింటుంది. వెనక తొట్టిలో నేను. ఏట్లో దిగాలి కదా అని మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కున్నాను.

బండి ఎక్కుతోంది. ఎక్కుతూనే ఉంది. ఇంజను ఆయాసపడి మూలుగుతోంది. నేను తొట్టి వెనక తలుపు మీదికి జారిపోతూ, దాన్ని పట్టుకుని వేలాడుతూ కూడా, ఏటికి వెళ్లే బండి ఇంతసేపు పైకెందుకు ఎక్కుతోందని అనుకోలేదు. దారి తప్పారనుకున్నాను!

బండి ఆగింది. దిగాను. చుట్టూ ఆకాశం. కింద ఎక్కడో చెరకు తోటలు, ఆ వెనక సముద్రం. గాలికి నా టోపీ ఎగిరిపోయి పక్క కొండ దాకా వెళ్లింది. కాళ్ల కింద తెల్లటి మట్టి రోడ్డు, దానికి రెండు పక్కలా యూకలిప్టస్ చెట్లు.

"ఏదిరా ఏరు?" అంది అవ్వ.

"మీరు నన్ను వేరే చోటికి తీసుకొచ్చారు," అన్నాను.

"నో మ్యాన్!" అన్నాడు సన్నీ. "ఇదే ప్లాటు. అదిగో, కౌన్సిల్ వాళ్లు పాతిన గూటాలు."

"అయితే ఏరు కిందెక్కడో ఉండాలి. నా చిత్రం ప్రకారం అదిగో, అది శిఖరం," అని కింద రెల్లుగడ్డి మధ్య మెరుస్తున్న నీళ్లను చూపించాను.

కౌన్సిలరమ్మ ఆ నీళ్ల వైపు చూసింది, నా వైపు చూసింది, నా బూట్ల వైపు చూసింది. "హావు!" అని జూలూలో మెల్లగా విస్తుపోయింది.

ఇప్పటికైనా చెంపలేసుకుంటే పోయేది. లేదు! జేబులోంచి కంపాస్ తీశాను. చిత్రాన్ని దిక్కుల ప్రకారం నేల మీద పరిచి అందరికీ ఋజువు చేద్దామని. ముల్లు ఉత్తరం చూపించింది. ఉత్తరాన, నా ముఖం మీద, మధ్యాహ్నపు సూర్యుడు.

నేను కంపాస్‌ను అరచేత్తో కొట్టాను. ఊపాను. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.

"ఏమైంది?" అని కౌన్సిలరమ్మ ఇంగ్లీషులో అడిగింది.

"చెడిపోయింది. సూర్యుణ్ణి ఉత్తరం అంటోంది. ఈ చలికాలంలో, మిట్టమధ్యాహ్నం, సూర్యుడు దక్షిణాన ఉండాలి కదా!"

ఆవిడ తన క్లాసులో వెనక బెంచీ వాడితో మాట్లాడినంత దయగా అడిగింది. "మిస్టర్ మూర్తీ, మీ ఇండియా భూమధ్యరేఖకు ఎటువైపు?"

"పైన."

"మేము?"

"కింద."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఇంక లోపలికి పోలేదు. కింద. అంటే సూర్యుడు ఉత్తరాన. అంటే బొమ్మలో వెలుతురు పైనుంచే పడుతోంది. అంటే ఆ చిత్రం మొదట్నుంచీ సరిగ్గానే ఉంది. నేనే పనిగట్టుకుని తలకిందులు చేసి, కొండను లోయ చేసి, లోయను కొండ చేసి, రోడ్డును వాగు చేసి, అన్నం పెట్టినావిడ గుమ్మం మీదికి వదిలాను. ఇన్ని నెలలుగా ఆ సూర్యుడి కిందే తిరుగుతున్నాను, ఒక్కసారి తలెత్తి చూశానా! అంతరిక్షం నుంచి చూడటం వచ్చినవాడికి కిటికీలోంచి చూడటం రాలేదు.

రోడ్డు మధ్యలో కూలబడ్డాను. అవ్వ వచ్చి పక్కన నిలబడింది.

"ఏటయింది? ఏరు దొరికిందా?"

"అవ్వా, నన్ను తోసెయ్యండి."

"ఎందులోకి తొయ్యమంటావు? నీల్లేవి?"

ఆ వారమే బారకాసు ముంగిట్లో కౌన్సిల్ వాళ్లు సభ పెట్టారు. రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని మా ఆఫీసు తరఫున చెబితే సరిపోయేది. కానీ నలుగురి ముందూ తప్పు నాదేనని చెప్పాలని ఆ కొండ మీదే అనుకున్నాను. నిజానికి బొమ్మ తిప్పడం అలవాటు వల్ల జరిగిన పొరపాటు. వెళ్లి చూడమన్న అధికారిణి నోరు మూయించడం, అది మెరక అని మనుషులు మొత్తుకుంటుంటే 'మీకు అలా అనిపిస్తుంది' అనడం, ఇవి పొరపాట్లు కావు, పొగరు. లేచి నిలబడి అదే చెప్పాను. "అక్కడ ఏరు లేదు. ఎప్పుడూ లేదు. అది నా తలలో ఉంది. ఇళ్లు కట్టుకోండి," అన్నాను. ఒకటే చప్పట్లు, వాటికంటే ఎక్కువ నవ్వులు. గోల్ఫు కంపెనీ మనిషి ఒక్కడే నవ్వకుండా వెళ్లిపోయాడు.

ఇళ్లు లేచాయి. అవ్వకు సొంత తలుపు, సొంత గొళ్లెం వచ్చాయి. నా ఆదివారం భోజనమూ తిరిగి వచ్చింది, పులుసులో కాస్త కారం పెరిగి. అంతా సుఖాంతమే అనుకున్నాను. అప్పుడు కౌన్సిల్ వాళ్లు కొత్త వీధులకు మీరే పేర్లు పెట్టుకోండని జనాన్ని అడిగారు. ప్రజాస్వామ్యం! అవ్వ అందరికంటే ముందు చెయ్యి ఎత్తింది.

ఇవాళ్టికీ ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తున ఉన్న వీధి పేరు 'రివర్ రోడ్'. కొత్తగా వచ్చినవాళ్లు గాలికి టోపీలు పట్టుకుని, ఇక్కడ రివరేదీ అని అడుగుతారు. సన్నీ పిల్లలు నా ఫోన్ నంబరిచ్చి పంపిస్తారు.

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కాలు తడవందే ఏ చోటునూ ఏరనను. నాకు ఆయాసం రానిదే ఏ ఎత్తునూ కొండనను. ఎవరింట్లో అన్నం తింటున్నానో కనుక్కోకుండా ఎవరి నేల గురించీ సంతకం పెట్టను. సూర్యుడికి మాత్రం క్షమాపణ చెప్పను. అన్ని నెలలు నా నెత్తి మీదే ఉన్నాడు, ఒక్క మాట చెప్పొచ్చు కదా!