ఖాళీ తండల ఇనొచ్చిన 'యాడీ...'

మా చిన్నప్పుడు... మిర్యాలగూడ దగ్గర మా ఊరికి, గుట్ట అవతలి లంబాడి తండకు నడుమ ఒక్కటే బాట. ఆ బాటెంబడి కట్టెల మోపెత్తుకొని జామ్లి మా ఇంటికొచ్చేది. మా నాయనమ్మ ఆమెకు గంజి పోసేది... గడప ఇవతల నిలవడి, పైనుంచి, దోసిట్లకు. తాకేది కాదు. అప్పట్ల అట్లనే ఉండె.

జామ్లి బిడ్డ సీత్లిని తుంగతుర్తి దిక్కు తండకిచ్చిన్రు. ఒకపారి ఆ పిల్ల తల్లిని దేవులాడుకుంట మా వాకిట్లకే వచ్చింది. ఇద్దరు మెడలు పట్టుకొని, రాగం తీసి ఒకటే ఏడ్సుడు! బిడ్డ ఏడ్సి ఆగుతది... తల్లి అందుకుంటది. ఎవరో సచ్చిన్రని వాడకట్టోళ్లంత ఉరికొచ్చిన్రు.

జామ్లి కండ్లు తుడుసుకొని నవ్వింది. "సావు కాదవ్వా... బిడ్డొచ్చింది! మేం కలిస్తె గిట్లనే ఏడుస్తం."

"అయ్యో నీ ఇల్లు సల్లగుండ! పానం అదిరిపాయె గదనే!" అన్నది నాయనమ్మ.

ఆ మరుసటి యేడే గడబిడ. కొట్లాటకు దిగి అడివిల దాక్కున్న సంగపోళ్లకు బువ్వ పెడుతున్నరని, సర్కారు తుపాకులోళ్లొచ్చి తండ తండనే లారీల ఎక్కించుకపోయిన్రు. యాడికో ఎవ్వరికెరుక లేదు. తెల్లారి గుట్టెక్కి సూస్తె గుడిసెలున్నయ్... పొగ లేదు. కోడి కూత లేదు. కుక్క గూడ మొరగలేదు.

కొన్నాళ్లకు... పట్టపగలు, ఎండ మండుతుంటె, ఆ ఖాళీ తండ దిక్కుకెల్లి ఏడుపు ఇనొచ్చింది. "యాడీ..." అని సన్నగ, గాలిల సాగుకుంట. ఆగింది. మళ్ల "యాడీ..."

ఊరంత వణికింది. "యాడ, యాడ అని ఎవర్నో దేవులాడుతుంది... దయ్యమే!" అన్నరు. మా పెద్దనాయన దబదబ తలుపులేసి గొళ్లెం పెట్టిండు. నేను చెవులు మూసుకున్నా ఇనొచ్చుడు ఆగలే.

నాయనమ్మ ఒక్కతే గొళ్లెం తీసి వాకిట్ల నిలవడి ఇన్నది.

"యాడ కాదే పిల్లా... యాడి. ఆళ్ల మాటల అమ్మ అన్నట్టు. ఒక్క గొంతే ఉంది సూడు. నడుమ ఆగుతుంది... తల్లి అందుకుంటదని."

నా రెక్క పట్టుకొని బాట పట్టింది.

తండల మా అడుగుల సప్పుడుకు మాకే భయమైంది. పొయ్యిలల్ల సల్లారిన బూడిద. ఒక గుడిసెల ఉట్టి ఊగుతనే ఉంది. జామ్లి గుడిసె ముంగట సీత్లి, వాకిలి గుంజ చుట్టు చేతులేసి, మనిషి మెడ పట్టుకున్నట్టే పట్టుకొని ఏడుస్తుంది. మమ్మల్ని సూడలేదు. రాగం ఆపింది... గుంజకు చెవి ఆనిచ్చి ఇన్నది. ఇని, మళ్ల మొదలువెట్టింది.

అది ఇంకోపారి ఆగంగనే... తాకని మా నాయనమ్మ పోయి దాని మెడ పట్టుకున్నది. మా తెలుగులనే రాగం తీసింది. "వచ్చినవా బిడ్డా... ఎంత దూరం నడిసొస్తివి బిడ్డా..." నేను గూడ వెక్కి వెక్కి ఏడ్సిన.

తర్వాత కొందరు తిరిగొచ్చిన్రు. జామ్లి రాలేదు.

ఇప్పుడాడ అన్ని స్లాబు ఇండ్లే. పిల్లలు ఫోన్లల్లనే నవ్వుకుంట పలకరించుకుంటున్నరు, సల్లగుండాలె. మీరొస్తె మెడ పట్టుకొని ఏడ్సేటోళ్లు ఎవరన్న ఉండేనా? జర రాయున్రి, నేను సదువుకుంట.

ఎండపొద్దు ఆ బాటల పోతే నాకు ఇప్పటికీ ఇనొస్తది... 'యాడ' అని ఇన్న ఊరోళ్లది గూడ తప్పు గాదేమో అనిపిస్తది.