కుప్పం దాకా పోయే బండి

“...కాదంటాండా గదా, మనకు పెట్రోలు బండి సాలు. ఊర్లెంబడి తిరిగేటోళ్ళకు గదా డీజిలు!” అంది సుష్మ.

“మరి నేనేం జేస్తాండా? ఇంట్లో కూసోనుండానా?”

“అదే గదా నా ఏడుపు. ఒక పూటన్నా కూసో అంటాండా.”

పాలక్యాన్ తగిలించుకుని అటుగా పోతున్న రెడ్డెప్ప సైకిలు దిగి నిలబడ్డాడు. “ఏందప్పా రాజేంద్రా, బండి ఇంకా ఇల్లే చేరలా, అప్పుడే పొగ లేస్తాండాదే!” అని నవ్వి, జవాబు కోసం ఆగకుండా పెడలు తొక్కాడు.

మదనపల్లె శివార్లలో రాజేంద్ర, సుష్మలది చాకీ షెడ్డు. పట్టుపురుగులు గుడ్లు పగిలి బయటికి వచ్చాక, రెండో జ్వరం దాటేదాకా వాటిని పసిబిడ్డల్లా సాకి రైతులకు ఇవ్వడం వాళ్ళ పని. పురుగు పొర విడిచే ముందు మేత మాని, తల ఎత్తుకుని, కదలకుండా పడి ఉంటుంది. దాన్నే జ్వరం అంటారు. ఆ సమయంలో షెడ్డులోకి అడుగుపెడితే ఎవరైనా గొంతు తగ్గిస్తారు. రాజేంద్రకు మాత్రం ఆ నిశ్శబ్దంలో ఊపిరాడదు. గుమ్మం దాకా వచ్చి చూసి, చెప్పులు వేసుకుని ఎటో వెళ్ళిపోతాడు.

మొదటినుంచీ అంతే. పెళ్ళికి పోతే బంతిలో కూర్చోడు, సాంబారు బకెట్ ఎత్తుకుంటాడు. ఇంట్లో పొయ్యి పక్కన నిలబడే ముద్ద తింటాడు. పురుగుల తట్టలు జీపులో పెట్టుకుని పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయిన రోజునే అతని ముఖం తేటగా ఉంటుంది. షెడ్డులో ఆకు కోసేదీ, తరిగేదీ, తడిగుడ్డలు మార్చేదీ సుష్మే. తోటనుంచి ఆకు తేవడానికి జీపు నేర్చుకుని లైసెన్సు కూడా తీసింది. అప్పుడు రాజేంద్ర నవ్వాడు, “మల్బరీ తోటలో పోలీసులు పట్టుకుంటారా ఏందే?” అని.

ఇప్పుడా జీపు పని అయిపోయింది. పుంగనూరులో పాత కార్లు అమ్మే శివకుమార్ దగ్గర రెండు బండ్లు చూసిపెట్టారు. తెల్లది పెట్రోలు, బూడిద రంగుది డీజిలు. శివకుమార్ ఒక్కటే అడిగాడు.

“నెలకెంత తిరుగుతావప్పా? దూరం పోతావంటే డీజిలు తీసుకో. ఇంటికీ అంగడికీ అయితే పెట్రోలు. డీజిలు బండిని ఊరికే నిలబెట్టి పెడితే దానికి రోగమొస్తాది.”

చివరి మాట తనను గురించే చెప్పినట్టు అనిపించింది రాజేంద్రకు. సుష్మ మాత్రం ‘ఇంటికీ అంగడికీ’ అన్న మాట పట్టుకుంది. పోయిన పంటప్పుడు అతను కుప్పంలో ఉండగా షెడ్డులో వేడి పెరిగి, తడిగోనెలు కట్టలేక ఆమె ఒక్కతే సతమతమైంది. పెట్రోలు బండి తెస్తే మనిషి ఇంటిపట్టున ఉంటాడని ఆమె లెక్క. పెట్రోలు బండి వచ్చిందంటే ఇంక తన రోడ్డు అయిపోయినట్టేనని అతని భయం. ఈ సాయంత్రం ఏదో ఒకటి చెప్పాలి, తెల్లదాన్ని ఇంకెవరో కూడా అడుగుతున్నారట.

“కుప్పం పోకుంటే రైతులు ఊరుకోరు. పంట పోతాది,” అన్నాడు తట్టలు సర్దుతూ.

“నేనూ వస్తా. సూస్తా,” అంది సుష్మ. చెల్లెలు ఇందును షెడ్డు దగ్గర ఉండమని చెప్పి జీపెక్కింది.

దారి పొడుగునా రాజేంద్ర నోరు మూయలేదు. పుంగనూరు దాటాక కొండమలుపుల్లో జీపు మూలుగుతుంటే, “విన్నావా, ఈ గట్టుకు పెట్రోలు బండి ఆనదు,” అన్నాడు. పక్కనుంచి పెట్రోలు కారొకటి సులువుగా దాటిపోయింది. సుష్మ ఆ కారునే చూసింది. ఒళ్ళో పెట్టుకున్న తట్టమీద తడిగుడ్డ సర్దింది.

కుప్పం దగ్గరి పల్లెలో పట్టురైతు కృష్ణమ్మ ఇంటి ముందు తట్టలు దించేసరికి ఎండ ఇంకా ముదరలేదు. పురుగులు చేతులు మారాయి. ఇంక తన బాధ్యత తీరిందని రాజేంద్ర ఎప్పటిలాగే జేబులోంచి పొట్లం తీసి, వక్కాకులో పొగాకు చుట్టి బుగ్గన పెట్టాడు. ఇంటి దగ్గర అది నిషిద్ధం. పొగాకు వాసన సోకితే పురుగు వాంతి చేసుకుని చస్తుంది. రోడ్డు అతనికిచ్చే సుఖాల్లో ఇదొకటి.

కృష్ణమ్మ ముక్కు ఎగరేసింది. “నువ్వీడే నిలబడప్పా. అమ్మ రానీ లోపలికి.”

ఇద్దరి వెనక షెడ్డు వల తలుపు మూసుకుంది. రాజేంద్ర బయట నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. రేకు గోడ దగ్గరికి వెళ్ళాడు.

“పోయినేడు నించీ చెప్తాండామమ్మా,” కృష్ణమ్మ గొంతు వినిపిస్తోంది. “మా కొడుకు వెంకటముని వారానికోతూరి పుంగనూరుకు వస్తానే ఉండాడు, ఆడే ఎత్తుకుంటాం పురుగుల్ని, మీరింత దూరం రావద్దని. వింటేనా! వస్తాడు, వక్కాకు ఏసుకుంటాడు, పొద్దు పోయిందాకా ఊరి కథలు చెప్తాడు. అమ్మా, అడుగుతాండానని ఏమనుకోవాకు. ఇంట్లో ఏమన్నా కొట్లాటా?”

రాజేంద్ర బుగ్గన వక్కాకు నమలడం ఆగిపోయింది.

“కొట్లాట లేదక్కా,” అంది సుష్మ నెమ్మదిగా. “కాళ్ళు నిలవవు.”

“మంచోడేలే. కానీ పురుక్కు ఏమన్నా అయితే అడిగినామనుకో, ఇంట్లో అడిగి చెప్తా అంటాడు. పోయిన విడత మూడో జ్వరానికి పురుగులు చిన్నవీ పెద్దవీ అయిపోయినాయి, యాల?”

“ఆకు పలచన ఏస్తాండారు గదా. అన్నిటికీ అందాల. రేకు కింద గాలాడతా ఉండాదా? ఆ మూల సంచి తియ్యండి.”

ఆ తర్వాత మాటలు పక్క షెడ్డులోకి వెళ్ళిపోయాయి. అక్కడ పోయిన విడత పురుగులు చంద్రికలనే వెదురు చాపలమీద గూళ్ళు కడుతున్నాయని కృష్ణమ్మ చెప్పడం వినిపించింది. “ఉండక్కా, ఇంకొంచేపు సూస్తా,” అంది సుష్మ. తన చేత్తో సాకిన పురుగు గూడు కట్టడం ఆమె ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది రాజేంద్రకు. తాను ప్రతి విడతా చూస్తూనే ఉన్నాడు. ఇంటికి పోయి ఒక్కనాడూ చెప్పలేదు.

సుష్మ బయటికి వచ్చేసరికి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వాకిట్లో కాచుకుని ఉన్నారు. ఆమె వాళ్ళ షెడ్లకూ వెళ్ళింది. “వచ్చే విడతకు నువ్వే రామ్మా,” అని పంపారు వాళ్ళు. జీపు పక్కన రాజేంద్ర టైరును తన్నుతూ తిరిగాడు. ఎవరూ అతన్ని కథలు అడగలేదు.

తిరుగుదారిలో తిడుతుందని కాచుకున్నాడు. తిట్టలేదు. పలమనేరు దాకా సుష్మ వేళ్ళమీద ఏవో లెక్కలు వేసుకుంది. చివరికి తనే మాటెత్తాడు. “ఆయమ్మ ఊరికే అంటాది. పోకుంటే మరచిపోతారు వీళ్ళు.”

“పక్కకాపు,” అంది సుష్మ. “నీ చేతులు నిలవలేదు. నేను తోల్తా.”

ఆమె స్టీరింగ్ పట్టుకుంది. పక్కసీట్లో రాజేంద్రకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కిటికీ దించాడు, ఎక్కించాడు. మలుపు వచ్చినప్పుడల్లా కాలు తనంతట తనే బ్రేకు వెతికింది. ఆమె గేరు తగ్గించి గట్టు ఎక్కించింది, జీపు మూలగనైనా లేదు.

పుంగనూరులో శివకుమార్ రెండు బండ్లూ కడిగి పక్కపక్కన పెట్టాడు. “ఏమప్పా, ఏమన్నా తేలిందా? తెల్లదానికి బేరమొచ్చింది, మీకోసరమే ఆపినా. చెప్పు, నెలకెంత తిరుగుతావు?”

రాజేంద్ర నోరు తెరిచాడు. కుప్పం అనబోయి సుష్మ వైపు చూశాడు. ఆమె బూడిద రంగు బండి తలుపు తీసి, డ్రైవరు సీటును తన కాళ్ళకు అందేలా ముందుకు జరుపుకుంటోంది.

“డీజిలుదే ఇయ్యి శివన్నా,” అంది లోపలినుంచే. “కుప్పానికి ఇంక నేను పోతా. షెడ్డుకాడ ఈ మనిషి ఉంటాడు.”