సర్టిఫికెట్లకు పట్టిన ఆముదం

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, మా కట్టంగూరు వైపు డిగ్రీ చదివిన ప్రతివాడికీ రెండే పనులుండేవి: నోటిఫికేషన్ కోసం ఎదురుచూడడం, అది వచ్చాక భయపడడం. రెండో పనిలో నాది అందె వేసిన చెయ్యి. ఒక సర్కారు కొలువుకు పరీక్ష గట్టెక్కి, సర్టిఫికెట్లు చూపించుకోమని నల్లగొండ నుంచి పిలుపు రాగానే నా భయమంతా కడుపులోకి దిగి తలుపేసుకుంది. నాలుగు రోజులు పొద్దున్నే చెంబుతో పోవడం, పోయినవాణ్ని పోయినట్టే తిరిగి రావడం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. (మా అవ్వకు చెప్పనక్కర్లేదు. ఎవరు ఎంతసేపు కూర్చుని వచ్చారో వాకిట్లో మంచం మీద నుంచే కనిపెట్టేది.)

మా చెలకలో పండేవే ఆముదాలు కనుక అవ్వ వైద్యమంతా ఆముదంతోనే. ఎక్కడ తాగమంటుందోనని నేను ముందే మొండికేశాను. "తాగుడెందుకురా, కడుపు మీద పెడత" అంది. బయలుదేరే రోజు పొద్దున ఆముదం గోరువెచ్చగా కాచి, బొడ్డు చుట్టూ గుండ్రంగా రాసి, అదే ఆముదంలో ముంచిన గుడ్డను పొట్ట మీద పరిచి, తన పాత చీర పేలికతో బిగించి కట్టింది. ఆఫీసుకు పోతున్నానని మొత్తుకున్నా వినలేదు. పొద్దుమూకేదాకా విప్పొద్దంది. పైన అంగీ ఉంటుంది కదా, ఎవరికి కనబడుతుందంది. నాకూ ఆ మాట సబబుగానే తోచింది.

నల్లగొండలో బస్సు దిగేసరికి వాన. నా ఫైలు అట్టది, గొడుగు లేదు. చదువంతా తడిసిపోతుందని కాగితాలు బయటికి తీసి, అంగీ లోపల పొట్టకు హత్తుకుని పరుగెత్తాను. ఒక్క చినుకు పడనివ్వలేదు. మహా తెలివైనవాణ్నని ఆఫీసు మెట్లెక్కేదాకా అనుకున్నాను కూడా.

కాగితాలు చూసే మేడం నా డిగ్రీ మెమోను రెండు వేళ్లతో ఎత్తింది. దానిలోంచి అవతల వరసలో నిలబడ్డ వాళ్లు లీలగా కనబడుతున్నారు. "ఇదేంది తమ్మీ, మిర్చీ బజ్జీలు గిట్ల కట్టుకొచ్చినవా ఇందుల?" అంది. వెనక అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ముద్ర అలుక్కుపోయింది, ఇది అసలుదో నకలుదో తానెట్లా చెప్పాలి, కొత్తది తెచ్చుకోమంది. కొత్తది రావాలంటే నెలలు పడుతుంది, గడువేమో ఆ సాయంత్రమే. ఇక సిగ్గు పడితే కొలువు పోతుందని, అంగీ గుండీలు రెండు విప్పి చీర పేలిక చూపించి ఉన్నదంతా చెప్పేశాను.

మేడం కొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగింది. "వెచ్చగ చేసి పెట్టిన్రా, సల్లగనేనా?"

పొద్దంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం ఆమెది. నాకు అర్థమైంది. గుడ్డ ఎన్ని మడతలు, ఎంతసేపు ఉంచాలి, తిన్నాక పెట్టొచ్చా అని ఒక్కొక్కటే అడుగుతూ ఒక చీటీ మీద రాసుకుంటోంది. సరిగ్గా అప్పుడే నా కడుపులో నాలుగు రోజుల తర్వాత కదలిక మొదలైంది. (ఆముదమో, భయమో, ఈనాటికీ తేల్చుకోలేదు.) సంతకం కాకుండా కదిలితే కొలువు పోతుంది, కదలకుంటే పరువు పోతుంది. కాళ్లు పెనవేసుకుని, చెమటలు తుడుచుకుంటూ, అవ్వ వైద్యం మొత్తం అప్పజెప్పాను. చివరికి ఆమె కంప్యూటర్లో నా నంబరు, ఫొటో సరిచూసి, "నూనె పడినది, వివరాలు సరిపోయినవి" అని రాసి సంతకం పెట్టింది. కాగితాలు బల్ల మీదే వదిలి పరుగెత్తాను.

సాయంత్రం ఇంటికి వచ్చి, పని అయిపోయిందని, ఇక కొలువు వచ్చినట్టేనని గర్వంగా చెప్పాను. అవ్వ అదేమీ వినలేదు. "కడుపు సాఫ్ అయిందా బిడ్డా?" అని అడిగింది. జిల్లాలో ఇంతమందిలో ఉద్యోగం కొట్టుకొస్తే అడిగే మాట అదేనా అని కసిరాను. "కొలువు ఇయ్యాల గాకుంటె రేపొస్తది" అని పేలిక ముడి విప్పసాగింది.

ఇప్పుడు అవ్వ లేదు. ఆ కొలువులోనే నాకూ కుర్చీ ఉంది, కుర్చీతో పాటు వచ్చేవన్నీ వచ్చాయి. మెడికల్ షాపులో నెమ్మదిగా మాత్రలు అడిగి తెచ్చుకుంటాను. ఇంటికి రాగానే ప్రమోషన్ సంగతి ఏమైందని అడిగేవాళ్లున్నారు. నేను కసురుకున్న ఆ మాటను మాత్రం మళ్లీ ఎవరూ అడగలేదు.