వంగూరుకు జరిగిన సముద్రం

1959ల నన్ను కల్వకుర్తి తాలూకాకు సర్వేయర్‌గా వేసిండ్రు. గొలుసుతోని నేల కొలిచి లెక్కలు తెచ్చుడు నా పని. వాటిని అంగుళానికి మైలు చొప్పున నక్షాకెక్కించుడు డ్రాఫ్ట్స్‌మన్ నర్సింలు పని. నేతోళ్ల ఇంట్ల పుట్టిన మనిషి, చెయ్యి వణుకు ఎరుగదు.

ఒకనాడు అతని బల్ల మీద చెడిపోయిన ట్రేసింగ్ గుడ్డ ముక్క చూసిన, కింది గీతలు పైకి కనబడే పల్చటి గుడ్డ అది. దాని మీద కోట, అడవి, చివరకు సముద్రం గీసి ఉన్నయి. మా నక్షా మీద పరిస్తే కోట కల్వకుర్తి మీద కూసున్నది, సముద్రం అచ్చంపేట అవతల పడ్డది. సర్కారు బల్ల మీద సొంత పని నాకు గిట్టదు. "ఏందయ్యా, తాలూకాల పట్టని రాజ్యం తెచ్చినవ్! దీనికి పట్వారీ ఎవరు?" అని ఎక్కిరించిన.

నర్సింలు నవ్వలే, సంగతి చెప్పిండు. బిడ్డ యాదమ్మకు తొమ్మిదేండ్లు, గుండె జబ్బు. పట్నం దవాఖానల ఆశ వదులుకోమన్నరట. మంచంల ఉన్న పిల్లకు ఆ రాజ్యం కల్పించి చెప్తున్నడు. సముద్రం ఎంత దూరమని పిల్ల అడిగితే అచ్చంపేట అవతల అన్నడు. అది అమ్మమ్మగారి ఊరు, బండి మీద పోయిన తొవ్వ కాబట్టి ఆ దూరం పిల్లకు ఎరుకే. నయమైనంక అక్కడిదాక నడిచిపోతనని పట్టుబట్టింది.

ఎండకాలం ఆయాసం ఎక్కువైంది. గంత దూరం నడువలేనని ఏడిస్తే నర్సింలు సముద్రాన్ని నడుమనున్న వంగూరుకు జరిపిండు. వానలు పడేసరికి కల్వకుర్తి అంగడి దగ్గరికి తెచ్చిండు. డ్రాఫ్ట్స్‌మన్ గీసింది సర్వేయర్ తనిఖీ చెయ్యాలె. ఇవి కూడా నాతోనే సరిచూయించేటోడు. బిడ్డకు తప్పు దూరం చెప్పొద్దట! నేనూ కొలిచి సరే అనేటోన్ని.

ఆఖరుకు సముద్రం వాళ్ల వాకిట్లకొచ్చింది. ఆ నక్షా చూపెట్టేటప్పుడు నేనూ వాళ్లింట్లనే ఉన్న. యాదమ్మ దాని మీద వేలు పెట్టి తొవ్వ వెతికింది.

"మరి నడుమ వంగూరు ఏడ పోయింది బాపూ? నేను నడువలేనని సముద్రాన్ని జరిపినవా?"

నర్సింలు అవునన్నట్టు తల ఊపిండు.

"అచ్చంపేట అవతల దాని జాగల దాన్ని పెట్టు. నేను పోకున్నా మంచిదే, రాజ్యం గంత పెద్దగనే ఉండాలె."

ఆమె కండ్ల ముందర్నే మళ్ల గీసిండు. స్కేలు నేను పట్టుకున్న. దసరా రాకముందే పిల్ల పోయింది.

తర్వాత ఎన్నో తాలూకాలు తిరిగిన, ఎందరో రోగుల పక్కన కూసున్న. పోయేటోళ్లకు తమ దూరమెంతో తెలుస్తదని ఆ ఇంట్ల నేర్చుకున్న. "రెండు రోజుల్ల లేస్తవ్" అని మళ్ల ఎవ్వరితోని అనలే.